ఏసీ వెనక పావురం కాపురం

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పై అంతస్తు ఫ్లాట్‌లో ఉంటున్నవాళ్లకు ఈ సమస్యను పరిచయం చేయనక్కర్లేదు. తెల్లవారకముందే బాల్కనీలో గుర్‌గుర్‌మనే చప్పుడు మొదలవుతుంది. ఆరేసిన బట్టల మీద మరకలు పడతాయి. ఏసీ బయటి యూనిట్ మీద రెట్ట పొరలు పొరలుగా పేరుకుంటుంది. చాలామంది మొదట పాత సీడీలు వేలాడదీస్తారు. కొందరు నల్ల కవర్లు కడతారు, కొందరు ప్లాస్టిక్ గుడ్లగూబను తెచ్చి పిట్టగోడ మీద కూర్చోబెడతారు. వారం పది రోజులు పావురాలు రావు. తర్వాత అదే సీడీ పక్కన తాపీగా కూర్చుని ఈకలు దువ్వుకుంటాయి.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే, ఏ పద్ధతి మీద డబ్బు పెట్టాలో, దేని మీద పెట్టకూడదో తెలుస్తుంది. అందుకే ముందు పావురం సంగతి చెప్పుకుందాం.

మన ఊళ్లలో కనిపించే బూడిదరంగు పావురం పూర్వీకులు కొండచరియల మీద బతికిన పక్షులు. మనుషులు వాటిని వేల ఏళ్ల కిందటే మచ్చిక చేసుకున్నారు. నేటి పట్టణ పావురాల్లో చాలా వరకు ఆ పెంపుడు పావురాల సంతానమే. కాకిలా, గోరింకలా ఇది చెట్టుకొమ్మను ఇష్టపడదు. దీనికి కావలసింది చదునైన అంచు, వెనక ఒక గోడ, పైన కాస్త నీడ. పల్లెల్లో పాత దిగుడు బావుల్లోకి తొంగి చూస్తే రాళ్ల సందుల్లో పావురాలు కనిపించేది ఇందుకే. కోటగోడల్లోనూ గాలిగోపురాల్లోనూ అవి చేరేది ఇందుకే. ఇప్పుడు మన అపార్ట్‌మెంట్‌ను దాని కంటితో చూడండి. నిటారుగా లేచిన గోడ, అంతస్తుకో సన్‌షేడ్, కిటికీ పక్కన ఏసీ దిమ్మె, బాత్‌రూమ్ పైపుల కోసం వదిలిన డక్ట్ (పైనుంచి కిందిదాకా సాగే ఇరుకైన ఖాళీ). అచ్చంగా కొండచరియే. పైగా ఇక్కడ పాముల బెడద తక్కువ, తిండి ఎక్కువ.

పావురం గూడు కట్టే తీరు కూడా దీనికి తగ్గట్టే ఉంటుంది. ఏసీ యూనిట్ వెనక ఒకసారి టార్చి వేసి చూడండి. నాలుగు ఎండుపుల్లలు, ఒక చీపురు పుల్ల, రెండు మూడు కరెంటు వైరు ముక్కలు కనిపిస్తాయి. గూడంటే అంతే. అందులో సాధారణంగా రెండు తెల్లటి గుడ్లుంటాయి. ఆడ, మగ రెండూ వంతులవారీగా పొదుగుతాయి. దాదాపు 18 రోజులకు పిల్లలు బయటికొస్తాయి. మరో నెల, నెలాపదిరోజుల్లో ఎగిరిపోతాయి. ఆలోపు అవి వేసిన రెట్టను తల్లిదండ్రులు తీసిపారేయవు. ఆ రెట్టే ఎండి పుల్లలను గట్టిగా అతికిస్తుంది. మరుసటి కాన్పుకు అదే గూడు ఇంకా బలంగా, ఇంకా ఎత్తుగా తయారవుతుంది.

గింజలు తినే పక్షుల్లో చాలా వాటికి ఒక ఇబ్బంది ఉంది. పెద్దవి గింజలు తిన్నా, పిల్లలకు మాత్రం పురుగులు తెచ్చి పెట్టాలి. పురుగులు దొరికే కాలంలోనే పిల్లలను పెంచగలవు. పావురానికి ఆ కట్టుబాటు లేదు. దాని గొంతు దగ్గరి మేత సంచి లోపలి పొర నుంచి పెరుగులాంటి పదార్థం ఊరుతుంది. తల్లీ తండ్రీ రెండూ దాన్నే పిల్లల నోట్లో పోస్తాయి. గింజలు దొరికితే చాలు, ఆ ‘పావురం పాలు’ సిద్ధం. అంటే మన వాతావరణంలో ఏడాది పొడవునా గుడ్లు పెట్టగలదు. తిండి సమృద్ధిగా ఉంటే ఏటా ఐదారు సార్లు పెడుతుంది. ఒక కాన్పు పిల్లలు ఎగరకముందే మరో కాన్పు గుడ్లు పెట్టడమూ మామూలే.

మరి ఈ సమస్య ఇప్పుడే ఎందుకు ఇంతగా పెరిగింది? దేశంలో పక్షుల స్థితిగతులపై వెలువడిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదికల ప్రకారం, 2000 తర్వాత పట్టణ పావురాల సంఖ్య రెండింతలు దాటింది. అనేక పక్షుల సంఖ్య తగ్గుతున్న కాలంలో ఇవి పెరిగాయి. డాబా ఇళ్ల స్థానంలో ఎత్తైన భవనాలు వచ్చాయి, అంటే కూర్చునే అంచులు పెరిగాయి. ఇంటికో ఏసీ వచ్చింది. దానికితోడు 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంతో కప్పు మీద సౌర ఫలకాలు పెట్టించుకునేవారు ఎక్కువయ్యారు. ఫలకం కింద నీడ ఉంటుంది, వాన పడదు, పిల్లి దూరడం కష్టం. పావురానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

నష్టం సంగతి అతిశయోక్తి లేకుండా చెప్పుకోవాలి. రోజూ బాల్కనీలో పావురం కనిపించినంత మాత్రాన ఆరోగ్యవంతులకు జబ్బు రాదు. ప్రమాదం ఎండిన రెట్టలోనూ ఈకల పొడిలోనూ ఉంది. ఆ ధూళిని నెలలు, ఏళ్ల తరబడి పీల్చినవారిలో కొందరికి హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ (ఊపిరితిత్తులు ధూళికి అతిగా స్పందించి లోపల వాచే జబ్బు) వస్తుంది. పొడిదగ్గు తగ్గదు. మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. చాలాకాలం దీన్ని ఆస్తమా అనో మామూలు అలర్జీ అనో అనుకుంటారు. నిర్లక్ష్యం చేస్తే ఊపిరితిత్తులు గట్టిపడిపోయి, మళ్లీ మామూలు స్థితికి రావు. ఊపిరితిత్తుల గోడలు దెబ్బతిన్న 1,084 మంది రోగుల వివరాలతో 2017లో వెలువడిన భారతీయ రిజిస్ట్రీలో దాదాపు 47 శాతం మందికి ఉన్నది ఈ జబ్బే. అందరికీ పావురాల వల్లే వచ్చిందని కాదు. ఎయిర్ కూలర్లలోని బూజును కూడా ఆ వైద్యులు ముఖ్య కారణంగా గుర్తించారు. కానీ పక్షులతో సంబంధం ఉన్నవారూ అందులో గణనీయంగానే ఉన్నారు. తగ్గని దగ్గుతో డాక్టర్ దగ్గరికి వెళ్తే, కిటికీ దగ్గర పావురాలు ఉన్న సంగతి మీరే చెప్పండి. అడిగేదాకా ఆగకండి.

రెండోది క్రిప్టోకాకస్ అనే శిలీంధ్రం (బూజు జాతి సూక్ష్మజీవి). ఇది పావురాల రెట్టలో బాగా పెరుగుతుంది. రోగనిరోధక శక్తి తగ్గినవారికి, అంటే అవయవ మార్పిడి చేయించుకున్నవారికి, హెచ్ఐవీ ఉన్నవారికి, మెదడు పొరల వాపు తెచ్చిపెట్టగలదు. అలాంటివారు ఉన్న ఇంట్లో పావురాలను దూరం పెట్టే పనిని వాయిదా వేయకూడదు.

ఇంటికీ నష్టముంది. రెట్ట పేరుకున్న చోట రంగు ఊడుతుంది, ఇనుము తుప్పు పడుతుంది. ఏసీ యూనిట్‌లో పల్చటి అల్యూమినియం రేకుల మధ్య నుంచి గాలి ఆడితేనే వేడి బయటికి పోతుంది. ఈకలు, పుల్లలు అక్కడ అడ్డుపడితే యంత్రం ఎక్కువసేపు తిరుగుతుంది, బిల్లు పెరుగుతుంది. సౌర ఫలకాల విషయం ఇంకాస్త సున్నితం. ఫలకంలోని సెల్స్ (కరెంటు పుట్టించే చిన్న పలకలు) ఒకదానికొకటి వరుసగా కలిపి ఉంటాయి. వాటిలో ఒకదాని మీద రెట్ట పడి ఎండ తగలకపోతే, ఆ ఒక్కటే మొత్తం వరుస ప్రవాహానికి అడ్డు తగులుతుంది. అదే చోట వేడి చేరి సెల్ దెబ్బతినవచ్చు. దుమ్ము వానకు కొట్టుకుపోతుంది గానీ ఎండిన రెట్ట పోదు.

ఇక నివారణ. ఇక్కడ ఒక తేడా గమనించాలి. పావురం ఒక చోటికి మూడు రకాల పనుల మీద వస్తుంది. పగలు కాసేపు వాలడానికి రావడం మొదటిది. రాత్రి పడుకోవడానికి రావడం రెండోది. గుడ్లు పెట్టడానికి రావడం మూడోది. మొదటి దశలో దానికి ఆ చోటు మీద మమకారం తక్కువ, చిన్న ఇబ్బంది కలిగితే పక్కకు పోతుంది. మూడో దశలో ఎన్నిసార్లు తరిమినా తిరిగొస్తుంది. చాలా ఇళ్లలో డబ్బు వృథా అయ్యేది ఈ లెక్క తప్పినందువల్లే. గూడు కట్టిన చోట, వాలే పక్షికి వాడాల్సిన ఉపాయం వాడతారు.

భయపెట్టే వస్తువులన్నీ బలహీనమైనవే. మెరిసే సీడీ, బొమ్మ గుడ్లగూబ, రంగు రిబ్బన్లు పావురానికి మొదట అనుమానం కలిగిస్తాయి. అయితే వాటివల్ల తనకు ఏ హానీ జరగడం లేదని అది కొద్ది రోజుల్లో గ్రహిస్తుంది. కదలని గుడ్లగూబ దాని దృష్టిలో ఒక రాయి. అల్ట్రాసోనిక్ యంత్రాలు (మనిషి చెవికి అందని పైస్థాయి శబ్దం చేసేవి) కొనేముందు ఒక్క విషయం తెలుసుకోండి. మనిషి సుమారు 20 కిలోహెర్ట్జ్ దాకా వినగలడు. పావురం వినికిడి అందులో సగానికి మించదు. మనకే వినపడని ఆ శబ్దం దానికి అసలే వినపడదు. నాఫ్తలీన్ గుండ్లు పెడితే ఆ ఆవిరి మీ పడకగదిలోకి వస్తుంది, పావురం మాత్రం కదలదు. జిగురు జెల్ జోలికి అసలు వెళ్లొద్దు. మన దుమ్ముకు అది త్వరగా పొడిబారిపోతుంది. పొడిబారేలోపు పిచ్చుకలు, తేనెపిట్టలు అందులో చిక్కుకుంటాయి.

విషం పెట్టడం నేరం. జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం (1960) కింద హానికర పదార్థం పెట్టడం శిక్షార్హం. పైగా దానివల్ల ఫలితమూ ఉండదు. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరం అనుభవం ఇందుకు సాక్ష్యం. 1961 నుంచి 1985 వరకు అక్కడ దాదాపు లక్ష పావురాలను చంపారు. నగరంలో పావురాల సంఖ్య మాత్రం ఇంచుమించు 20 వేల దగ్గరే నిలిచింది. చచ్చినవాటి చోటూ తిండీ మిగిలాయి గనుక కొత్తవి వచ్చి చేరాయి. పట్టుకుని దూరంగా వదిలినా ఇంతే. పావురం గూటికి తిరిగి రాగలదు. ఒడిశా పోలీసులు 1946 నుంచి దశాబ్దాల పాటు వాటితో ఉత్తరాలు పంపగలిగింది ఆ గుణం వల్లే.

పనిచేసేవి చోటును మార్చే పద్ధతులు. వాటిలో మొదటిది వాలు. కూర్చునే అంచు మీద నున్నటి రేకునో పలకనో 45 డిగ్రీలకు మించి ఏటవాలుగా బిగిస్తే పావురం కాళ్లు జారతాయి. 60 డిగ్రీలైతే మరీ మంచిది. సన్‌షేడ్లకు, ఏసీ యూనిట్ పైభాగానికి ఇది చక్కగా కుదురుతుంది. ఖర్చు తక్కువ, చూడటానికి బాగుంటుంది, పక్షికి దెబ్బ తగలదు. మన దగ్గర దీన్ని ఎందుకో ఎవరూ పెద్దగా వాడరు. కొత్త ఇల్లు కట్టుకునేవారు సన్‌షేడ్‌ను మొదటే వాలుగా పోయమని మేస్త్రీకి చెబితే, తర్వాత ఈ తిప్పలన్నీ ఉండవు. ఏసీ మీద రేకు వేసేటప్పుడు ఫ్యాన్ గాలి బయటికొచ్చే ముందువైపు మాత్రం మూయకూడదు.

రెండోది స్పైక్స్ అనే ముళ్ల పట్టీలు. ఇవి పావురాన్ని గుచ్చడానికి ఉద్దేశించినవి కావు. కాలు మోపే జాగా లేకుండా చేస్తాయి, అంతే. పగలు వాలే పిట్టగోడ మీద, పైపుల మీద బాగా పనిచేస్తాయి. అంచు వెడల్పు ఎక్కువైతే ఒక వరుస చాలదు. గట్టు చివర నాలుగు వేళ్ల ఖాళీ వదిలినా అక్కడే కూర్చుంటుంది. దుమ్ము తుడవకుండా జిగురు పూస్తే పట్టీ ఒక్క ఎండాకాలంలో ఊడిపోతుంది. గూడు కట్టాలని నిశ్చయించుకున్న పావురానికి మాత్రం ముళ్లు అడ్డు కావు, పుల్లలు నిలబడటానికి ఊతమే అవుతాయి. 2023లో నెదర్లాండ్స్ పరిశోధకులు మరీ ఆశ్చర్యకరమైనది చూశారు. కొన్ని మ్యాగ్‌పై పక్షులు (కాకి జాతివి) భవనాల మీది ముళ్ల పట్టీలనే పీక్కుపోయి, తమ గూళ్లకు పైకప్పుగా వాడుకుంటున్నాయి.

గూడు కట్టే చోట్లకు సరైనది వల. బాల్కనీకీ డక్ట్‌కూ ఏసీ దిమ్మెకూ అదే మందు. అయితే వలలన్నీ ఒకటి కావు. పావురానికి 50 మిల్లీమీటర్ల కన్ను చాలు. పిచ్చుకలను కూడా ఆపాలంటే 20 మిల్లీమీటర్ల లోపు కావాలి. ఎండకు పెళుసుబారకుండా తయారుచేసిన నైలాన్ లేదా హెచ్‌డీపీఈ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) వల అడిగి తీసుకోండి. వల బలం దారంలో ఎంత ఉంటుందో అంచు కట్టడంలోనూ అంతే ఉంటుంది. చుట్టూ స్టీలు తీగ లాగి, దగ్గర దగ్గరగా కొక్కేలు దింపి, మంచం నవారులా బిగువుగా కట్టాలి. జారుగా వదిలితే పావురం వల మీదే వాలుతుంది, బరువుకు మూల దగ్గర సందు తెరుచుకుంటుంది. పైపు గోడలోకి వెళ్లే చోట సందు మిగిలిందేమో ప్రత్యేకంగా చూడండి. లోపలికి దూరిన పావురం బయటపడలేక చస్తే, ఆ వాసన వారాల తరబడి పోదు.

వల విషయంలో రెండు జాగ్రత్తలు అమ్మేవాళ్లు చాలాసార్లు చెప్పరు. పక్షుల వల పిల్లల సేఫ్టీ నెట్ కాదు. రెండూ చూడటానికి ఒకలాగే ఉన్నా, ఇది పిల్లవాడి బరువును ఆపడానికి తయారైంది కాదు. వల ఉంది కదా అని బాల్కనీలో పసివాళ్లను ఒంటరిగా వదలకూడదు. రెండోది అగ్నిప్రమాదం. మంటలొస్తే బాల్కనీయే బయటపడే దారి కావచ్చు. కనీసం ఒక పక్క కొక్కేల నుంచి వెంటనే విప్పదీసేలా కట్టించుకోండి. ఏసీ బాగుచేసేవాడు లోపలికి చేయి పెట్టడానికి కూడా అదే దారి పనికొస్తుంది.

సౌర ఫలకాలు కప్పుకు దగ్గరగా ఉంటే, చుట్టూ అంచుకు తీగ జాలీ క్లిప్పులతో బిగిస్తారు. ఫ్రేముకు రంధ్రం వేయనివ్వొద్దు, వారంటీ పోవచ్చు. జాలీ బదులు రేకు కొట్టడం కూడా పొరపాటే. ఫలకం కింద గాలి ఆడాలి, వేడెక్కితే దిగుబడి తగ్గుతుంది. ఎత్తైన ఇనుప స్టాండు మీద పెట్టిన ఫలకాలకు ఈ జాలీ కుదరదు. అక్కడ పావురాలు కూర్చునే అడ్డకమ్మీలకు ముళ్ల పట్టీలు వేయాలి, లేదా ఫలకాల కిందివైపు వల లాగాలి.

ఏది బిగించినా ముందు శుభ్రం చేయాలి. పాత రెట్ట, పుల్లలు అలాగే ఉంటే పావురాలు ఆ చోటును వదలవు. కానీ పొడి చీపురుతో ఊడ్చడమే ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ప్రమాదకరమైన పని. పైన చెప్పిన ధూళంతా ఒక్కసారిగా లేచేది అప్పుడే. ఎన్-95 మాస్కు, చేతికి గ్లౌజులు వేసుకోండి. ఇంటివైపు కిటికీలు మూయండి. రెట్ట మీద నీళ్లు సన్నగా చిలకరించి, బాగా నానాక గరిటతో గీకి, కవర్లో మూటకట్టండి. తర్వాత బ్లీచింగ్ కలిపిన నీళ్లతో కడగండి. ఆస్తమా ఉన్నవారు, గర్భిణులు, పెద్దవయసువారు ఈ పనికి దూరంగా ఉండాలి. పనిమనిషి చేత చేయిస్తుంటే ఆమెకూ అదే మాస్కు ఇవ్వండి. ఆమెవీ మనలాంటి ఊపిరితిత్తులే.

ఇంతవరకు చెప్పినదంతా ఒక ఇంటిని కాపాడుకోవడం గురించే. దీనివల్ల ఊరి పావురాల సంఖ్య తగ్గదు. మూడో అంతస్తులో వల కడితే అవి నాలుగో అంతస్తుకు వెళ్తాయి. సంఖ్యను నిర్ణయించేది తిండి. పావురానికి రోజుకు 30 గ్రాముల గింజలు చాలు. అంటే పోసే ప్రతి కిలో జొన్నలూ ముప్పై పైచిలుకు పావురాలకు పూర్తి భోజనం. తిండి వెతుక్కునే శ్రమ తప్పితే ఆ సమయమంతా గూళ్లకు, పిల్లలకు పోతుంది. బాసెల్ నగరం చివరికి గ్రహించింది ఇదే. చంపడం పక్కనపెట్టి, 1988 నుంచి అక్కడ గింజలు పోయొద్దని ప్రజలకు ఓపికగా నచ్చచెప్పారు. కొన్ని గూళ్లను తామే నిర్వహిస్తూ గుడ్లు తీసేశారు. నాలుగేళ్లు దాటేసరికి పావురాల సంఖ్య దాదాపు సగానికి తగ్గింది. జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ కూడా గూళ్లు కట్టించి, నిజం గుడ్ల స్థానంలో ఉత్తుత్తి గుడ్లు పెట్టే పద్ధతినే నమ్ముకుంది.

మన దగ్గర ఇది అంత తేలిక కాదు. హైదరాబాద్‌లో మక్కా మసీదు ముంగిట గింజలు చల్లేవారికీ, మొజంజాహీ మార్కెట్ దగ్గర ఆగి పిడికెడు జొన్నలు పోసేవారికీ అది పుణ్యకార్యం. ముంబైలో 2025లో ప్రభుత్వం కబూతర్‌ఖానాలు (పావురాలకు మేత పోసే చోట్లు) మూయించబోతే దాదర్‌లో జనం వీధిలోకి వచ్చారు, వివాదం హైకోర్టు దాకా వెళ్లింది. అక్కడ ఎదురెదురుగా నిలబడినవి దయ, ప్రజారోగ్యం. రెంటిలో దేన్నీ తేలిగ్గా తీసిపారేయలేం. నా ఉద్దేశంలో, గింజలు పోసే చేతికి పావురానికి బదులు మరో దారి చూపించాలి. వేసవిలో మట్టి మూకుడులో నీళ్లు పెట్టొచ్చు. పిచ్చుకల కోసం వరి కంకుల కుచ్చు వేలాడదీయొచ్చు, ఊగే ఆ కుచ్చు మీద బరువైన పావురం నిలదొక్కుకోలేదు. కంచంలో మిగిలిన అన్నం మాత్రం బాల్కనీ గట్టు మీద వేయకూడదు.

అపార్ట్‌మెంట్ అయితే ఈ విషయం అసోసియేషన్ సమావేశంలో పెట్టండి. డక్ట్ అందరిది. దాన్ని పైకప్పు దగ్గర ఒకేసారి వలతో మూస్తే, ఫ్లాట్‌కో వల కట్టడం కంటే చవకగా తేలుతుంది. నీళ్ల ట్యాంకుల మూతలు, వాననీటి గొట్టాల నోళ్లకు జాలీలు కూడా అదే రోజు చూడొచ్చు. పని మొదలుపెట్టే ముందు గూళ్లన్నీ వెతకండి. గుడ్లో పిల్లలో ఉన్న చోట వల కట్టేస్తే పిల్లలు ఆకలితో చస్తాయి, తల్లి రోజుల తరబడి వలను గుద్దుకుంటుంది. అలాంటి గూడు ఉంటే ఆ ఒక్క మూలను వదిలి, మిగతా చోట్ల పని కానివ్వండి. గుడ్లు పెట్టిన రోజు నుంచి ఏడెనిమిది వారాల్లో పిల్లలు ఎగురుతాయి. చివరి పిల్ల రెక్కలు పూర్తిగా వచ్చి ఎగిరిన రోజే ఆ మూల కడిగి వల బిగించాలి. ఈలోగా అదే గూటి పక్కన కొత్త పుల్లలు కనిపిస్తే ఏ రోజుకారోజు తీసేస్తూ ఉండండి. రెండో జత గుడ్లు పడితే మళ్లీ ఏడెనిమిది వారాలు ఆగాలి.